‘మనవాడే’... పెళ్లి మాట వచ్చేదాకా

బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ తీసిన ‘సువర్ణరేఖ’ గురించి ఎవరు రాసినా దేశ విభజన దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. తప్పేం లేదు. ‘మేఘే ఢాకా తారా’, ‘కోమల్ గాంధార్’ తర్వాత అదే గాయం మీద ఆయన తీసిన మూడో సినిమా అది. 1962లో తీస్తే 1965కి గానీ థియేటర్ మొహం చూడలేదు. మొదటిసారి చూసినప్పుడు నేనూ శరణార్థుల సినిమాగానే చూశాను. కాలనీ, గాంధీ హత్య వార్త, యుద్ధకాలంలో కట్టి వదిలేసిన రన్‌వే, ఇవే మనసులో ఉండిపోయాయి. ఈమధ్య మా బంధువుల్లో ఒక పెళ్లి సంబంధం వ్యవహారం నడుస్తుండగా మళ్లీ చూశాను. ఈసారి విభజన వెనక్కి వెళ్లిపోయింది. కళ్లు అభిరామ్ మీదే నిలిచిపోయాయి.

అభిరామ్ పెంపుడు పిల్లాడు. వాణ్ణి ఇంటికి తెచ్చుకోవడంతో కథ మొదలవుతుంది, వాణ్ణి కాదనుకోవడంతో మలుపు తిరుగుతుంది, వాడి కొడుకుని ఇంటికి తెచ్చుకోవడంతో ఆగుతుంది. ఇంత కళ్లెదురుగా ఉన్న సంగతి మనకి ఎందుకు ఆనదు? పిల్లల్ని తెచ్చి పెంచుకోవడం మన దృష్టిలో ఒక మంచిపని కాబట్టి అనుకుంటాను. మంచిపని చేసిన మనిషిని మెచ్చుకుని ముందుకి పోతాం, ఇక అందులో చూడాల్సిందేం ఉందని. నాకు మాత్రం ఈ సినిమా మొత్తం ఆ మెచ్చుకోలు మీదే తీసినట్టు అనిపించింది. పెంపకాన్ని పుణ్యంగా లెక్కేసుకున్న ఇంట్లో పిల్లాడు ఎప్పటికీ బాకీదారే. ఆ బాకీ గుర్తు చేసే రోజు ఏదో ఒకటి వస్తుంది. మన దగ్గర అది చాలావరకు పెళ్లి రోజే.

ఎత్తుకున్నప్పుడు

కాలనీ పేరు నవజీవన్. తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు వేసుకున్న గుడిసెలు. అక్కడికి కౌసల్య అనే స్త్రీ, బాగ్దీ అనే దళిత కులం ఆమె, కొడుకుని వెంటబెట్టుకుని చోటు కోసం వస్తుంది. అందరూ ఊరూ ఇల్లూ పోగొట్టుకున్నవాళ్లే, అయినా నీది ఏ జిల్లా అన్న ప్రశ్న అక్కడా తప్పదు. ఆ గొడవలోనే జమీందారు మనుషులు వచ్చి ఆమెను లారీలో ఎక్కించుకుపోతారు. పిల్లాడు మిగిలిపోతాడు. చిన్న చెల్లెలు సీతను తనే తల్లీ తండ్రీ అయి పెంచుతున్న ఈశ్వర్ చక్రవర్తి, పెద్ద తర్జనభర్జన ఏమీ లేకుండా వాణ్ణి కూడా దగ్గరికి తీస్తాడు.

అలా తీసుకోవడం నిజంగా గొప్పే. తనకే గతి లేని మనిషి, పక్కన ఎదగాల్సిన చెల్లెలు. ఒకవైపు తోటి శరణార్థులు కౌసల్యను పొమ్మంటుంటే ఇంకోవైపు ఇతను ఆమె కొడుకుని ఎత్తుకుంటున్నాడు. కులం ఏమిటని ఆ పూట అడగలేదు. కాలేజీనాటి స్నేహితుడు రాంబిలాస్ సువర్ణరేఖ నది ఒడ్డున ఛాతింపూర్‌లో ఇనుప ఫౌండ్రీలో ఉద్యోగం ఇప్పిస్తే పిల్లలిద్దరినీ తీసుకుని అక్కడికి వెళ్లిపోతాడు. కాలనీని వదిలి పారిపోతున్నావని హరప్రసాద్ మాస్టారు నిష్ఠూరమాడినా ఆగడు. వెళ్లింది తన కోసం కూడా కాదు, పిల్లల చదువు కోసం, వాళ్లకి కాస్త నీడ కోసం.

పాడుబడ్డ రన్‌వే మీద పిల్లలిద్దరూ పరుగులు తీసే దృశ్యాలు ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టం. అక్కడే ఒకరోజు కాళి వేషం కట్టిన బహురూపి ఉన్నట్టుండి సీతకి ఎదురుపడతాడు. మన పగటివేషగాళ్ల లాంటివాడే. పిల్ల హడలిపోతుంది. ఫ్యాక్టరీలో పనిచేసే ముసలి మేనేజరు ఆమెను సముదాయించి, పేరు అడిగి, సీత అనగానే జనకుడికి నాగేటి చాలులో దొరికిన సీత కథ చెబుతాడు. ఘటక్ ఇక్కడ చేసిన తమాషా చూడండి. పురాణంలో దొరికిన బిడ్డ సీత. సినిమాలో సీత సొంత రక్తం, దొరికిన బిడ్డ పేరులో రాముడున్నాడు, వాడి కన్నతల్లి పేరు కౌసల్య. పేర్లన్నీ అయోధ్యవే, వరసలు మాత్రం తారుమారు. సీతారాములు కలవాలంటే ఈ ఇంట్లో జనకుడు ఉండాలి. ఉన్నది ఈశ్వర్.

ఇక్కడిదాకా ఈశ్వర్‌ని వేలెత్తి చూపడానికి లేదు. చదివించాడు. ఇంకా పెద్ద చదువుకి జర్మనీ పంపాలని కూడా అనుకున్నాడు. అభిరామ్‌కి ఇంజనీరింగ్ మీద మనసు లేదు, రచయిత కావాలని ఉంది. ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లకీ కొడుకులకీ మధ్య నడిచే రగడే ఇది. ఆ రగడ పడుతున్నంత సేపూ అభిరామ్ అచ్చంగా ఆ ఇంటి పిల్లాడే.

స్టేషన్లో ఒక్క పిలుపు

తర్వాత రెండు మూడు సంగతులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. సీత, అభిరామ్ ప్రేమించుకుంటారు. రాంబిలాస్ ఈశ్వర్‌కి వ్యాపారంలో భాగం ఇస్తానంటాడు, కానీ ఆయన ఆచారపరాయణుడు, ఇంట్లో పెరుగుతున్న కుర్రాడి కులం సంగతి చెవిన పడితే ఊరుకునే మనిషి కాదు. ఇంతలో రైల్వే స్టేషన్లో ప్రాణం పోతున్న ఒక ముసలామెను చూసి అభిరామ్ గుర్తుపడతాడు. కౌసల్య. కన్నతల్లి. అమ్మా అంటాడు. ఊరంతా వింటుంది. అభిరామ్ బాగ్దీ వాడన్నది ఇక దాచేదేం లేదు.

ఈ కాకతాళీయం మీద ఆనాడే గోల చేశారు. ఇన్నేళ్ల తర్వాత తల్లి సరిగ్గా అదే స్టేషన్లో దొరకడం ఏమిటి, చివర్లో ఈశ్వర్ తాగి వెళ్లిన గదిలో ఉన్నది తన చెల్లెలే కావడం ఏమిటి అని. ఆ రెండోదానికి ఘటక్ ఇచ్చిన సమాధానం ప్రసిద్ధమే. ఆ రాత్రి అతను ఏ స్త్రీ దగ్గరికి వెళ్లినా ఆమె అతని చెల్లెలే అయ్యేది అన్నది ఆయన వాదన. స్టేషన్ సంగతికి ఆయన వకాల్తా అక్కర్లేదనుకుంటాను. పెంపుడు పిల్లల ఇళ్లలో ఇలాంటి స్టేషన్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. తల్లే ఎదురుపడక్కర్లేదు. ఒక పాత ఫైలు, ఒక బంధువు నోటి దురద, ఒక పెళ్లి సంబంధం, ఏదైనా చాలు.

నన్ను అంతకంటే పట్టుకున్నది వేరే. అభిరామ్ ఏం తప్పు చేశాడు? దొంగతనమా, దౌర్జన్యమా? చావుబతుకుల్లో ఉన్న తల్లిని తల్లీ అని పిలిచాడు, అంతే. ఇప్పటి దత్తత నిబంధనల్లో పెద్దయ్యాక తన పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునే హక్కు పిల్లలకి ఉంది. కాగితం మీద అంత తేలిగ్గా రాసుకున్న ఆ హక్కుని అభిరామ్ ఒక్క నిమిషం వాడుకున్నాడు. పదిహేనేళ్ల పెంపకం ఆ నిమిషంలో తుడిచిపెట్టుకుపోయింది.

ఈశ్వర్‌ని సమర్థించేవాళ్లు లేకపోలేదు. నాతో పాటు సినిమా చూసిన మిత్రుడు గట్టిగానే వాదించాడు. ‘ఒకసారి సర్వం పోగొట్టుకున్న మనిషి. ఇన్నాళ్లకి ఒక ఉద్యోగం, ఒక పరువు, రేపు ఒక భాగస్వామ్యం. వాటిని ఎలా వదులుకుంటాడు? నువ్వయితే వదులుకుంటావా?’ అని. ఈ ప్రశ్న తేలిగ్గా తీసిపారేయలేనిది. ఒకసారి దేశమే కాళ్ల కిందనుంచి జారిపోయిన మనిషికి రెండోసారి జారుతుందేమోనన్న టెన్షన్ ఎలా ఉంటుందో మనం ఊహించలేం. ఘటక్ కూడా అతన్ని రాక్షసుణ్ణి చేయలేదు. ఈశ్వర్‌గా వేసిన అభి భట్టాచార్య ముఖంలో ఆ కాఠిన్యం వెనక వణుకు కనిపిస్తూనే ఉంటుంది.

ఒప్పుకుంటాను. కానీ ఆ వణుకులో అతను ఎవర్ని వదిలేశాడో చూడండి. ఉద్యోగాన్ని వదలలేదు, పరువుని వదలలేదు, సీతను వదలడానికి ససేమిరా అన్నాడు, ఆమెకి ఇంకెవరితోనో పెళ్లి కుదిర్చాడు. అన్నిట్లోకీ వదలడానికి వీలుగా కనిపించింది అభిరామ్. దయతో తెచ్చుకున్నవాణ్ణి వదిలేస్తే నష్టపోయేది దయే, అది మళ్లీ దొరుకుతుంది అనుకున్నట్టుంది. సొంత తమ్ముడికి ఇలాంటి చిక్కు వస్తే ఈశ్వర్ కొట్టేవాడు, తిట్టేవాడు, ఏడ్చేవాడు. నువ్వెవరివి అని మాత్రం అడగలేడు.

అన్నాచెల్లెళ్లు కారా మరి?

ఇక్కడ నా వాదనకే ఒక పెద్ద చిక్కుంది. అభిరామ్ పూర్తిగా ఆ ఇంటి పిల్లాడే అయితే సీత వాడికి ఏమవుతుంది? ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు. పెంపకం సంపూర్ణం అంటే ఈ ప్రేమకథే చెల్లదు. ప్రేమకథ చెల్లాలంటే పెంపకం అసంపూర్ణం కావాలి. 1955 హిందూ వివాహ చట్టం నిషిద్ధ వరసలు చెప్పేటప్పుడు రక్తబంధంతో పాటు దత్తత బంధాన్నీ కలిపే లెక్కేస్తుంది. చట్టప్రకారం దత్తత జరిగి ఉంటే వీళ్ల పెళ్లికి చట్టమే అడ్డం.

చాలాసేపు ఇది నన్ను తిప్పలు పెట్టింది. పిల్లాణ్ణి ఇంటివాడిగా చూడలేదని ఈశ్వర్‌ని తిడుతూనే, ఆ ఇంటి పిల్లని వాడికి ఇవ్వలేదని కూడా తిడుతున్నానా?

మళ్లీ మళ్లీ ఆలోచిస్తే తేలింది ఇది. ‘మీరిద్దరూ నా పిల్లలు, ఒకే ఇంట్లో పెరిగారు, ఇది తగదు’ అన్న మాట మీదే ఈశ్వర్ నిలబడి ఉంటే, ఆ పిల్లల గుండె పగిలినా, నేను అతనికి దండం పెట్టేవాణ్ణి. ఆ మాటలో అభిరామ్‌కి చోటుంది. కానీ కథను తిప్పింది ఆ మాట కాదు. కులం. అంటే వారసత్వానికి వచ్చేసరికి అభిరామ్ ఇంటివాడు కాడు, పెళ్లికి వచ్చేసరికి పరాయివాడుగా కూడా పనికిరాడు. రెండు వరసల్లోనూ ఉన్న నష్టాలన్నీ వాడికే, లాభం ఒక్కటీ లేదు. పుణ్యానికి పెరిగిన పిల్లలందరి పరిస్థితీ ఇదే. ఇంటి పనికి ఇంటివాడు, ఇంటి పేరుకి మాత్రం ఎవరో.

అసలు ఈశ్వర్ దత్తత తీసుకోలేదు కదా, పెంచాడు అంతే అనచ్చు. నిజమే, కాగితం లేదు, హోమం లేదు. కావాలన్నా ఆ రోజుల్లో వీలు పడదు. పాత హిందూ న్యాయంలో దత్తుడు అదే వర్ణం వాడై ఉండాలి. బ్రాహ్మణుడైన ఈశ్వర్ బాగ్దీ పిల్లాణ్ణి దత్తత చేసుకుంటానంటే ఏ శాస్త్రమూ ఒప్పదు. 1956 హిందూ దత్తత చట్టం వచ్చి ఆ అడ్డు తీసేసింది. దత్తహోమం కూడా తప్పనిసరి కాదంది, బిడ్డను ఇవ్వడం, పుచ్చుకోవడం జరిగితే చాలంది. ఆ చట్టంలో నాకు నచ్చేది 15వ సెక్షన్. సక్రమంగా జరిగిన దత్తతను ఆ తర్వాత ఎవరూ రద్దు చేయలేరు, పెంచుకున్న తల్లిదండ్రులు కూడా. పెంపుడు పిల్లలకి అన్నిటికంటే కావలసిన భరోసా ఏదో ఆ సెక్షన్ రాసినవాళ్లకి తెలిసినట్టుంది. ప్రేమ సంగతి తర్వాత, ముందు వెనక్కి పంపరన్న నమ్మకం కావాలి.

మన జమీందారీల చరిత్ర చూస్తే దత్తత అంటే దావాలే. 1899లో బలుసు వారి కేసులో ఒక్కగానొక్క కొడుకుని దత్తత ఇవ్వచ్చా లేదా అన్నది లండన్‌లో అప్పటి పైకోర్టు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి తేలింది, ఇవ్వచ్చని. అవన్నీ భూమి కోసం, పిండం కోసం తీసుకున్న దత్తతలు. ప్రేమ ఉందో లేదో దేవుడికెరుక, కానీ ఆ పిల్లాడి హక్కు ఎంత గట్టిదంటే సముద్రాలు దాటి పోట్లాడేంత. అదే జాలితో తెచ్చుకున్న పిల్లాడికి ప్రేమ ఉంటుంది, పోట్లాడడానికి ఏమీ ఉండదు. ఈ రెండూ కలిసిన ఇల్లు కావాలి మనకి. స్వార్థంతో తీసుకున్న దత్తతలో ఉన్న గట్టిదనం, జాలితో తీసుకున్న పెంపకంలో ఉన్న మెత్తదనం.

తమ్ముడికి ఏమిచ్చినట్టు?

మొదట్లో చెప్పిన పెళ్లి సంబంధం సంగతికి వస్తాను. మా దూరపు బంధువులు ఒక అమ్మాయిని శిశుగృహ నుంచి నెలల పిల్లగా తెచ్చుకున్నారు. తర్వాత వాళ్లకి ఒక అబ్బాయి పుట్టాడు. అమ్మాయి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు, ఆమెకి కూడా ఊహ తెలిసినప్పటినుంచే తెలుసు. ఒక సంబంధం దాదాపు కుదిరింది. పెళ్లిచూపులు అయ్యాయి, పిల్లలు మాట్లాడుకున్నారు, ముహూర్తాల దాకా వచ్చింది. అప్పుడు అబ్బాయి తల్లి ఫోన్ చేసింది.

‘అన్నయ్యగారూ, పిల్ల బంగారం. మాకైతే ఏ పట్టింపూ లేదు. మా అత్తగారే, పెద్దావిడ కదా... అసలు తల్లిదండ్రులెవరో, ఏమిట్లో, కాస్త తెలిస్తే ఆవిడకి చెప్పుకోడానికి ఉంటుందని.’

‘తల్లిదండ్రులం మేమేనమ్మా. మా గోత్రం మీకు చెప్పాం కదా.’

‘అయ్యో, అది కాదండీ. మీరు ఎంత పుణ్యాత్ములో మాకు తెలీదా? ఆ పిల్లకి ఒక జీవితం ఇచ్చారు.’

ఫోన్ స్పీకర్ మీద ఉంది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న అమ్మాయి బయటికి వచ్చి, ఫోన్ పెట్టేశాక, మామూలుగా అడిగినట్టే అడిగింది. ‘నాకు జీవితం ఇచ్చారటగా నాన్నా. మరి తమ్ముడికి ఏమిచ్చినట్టు?’

ఆయన దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు. కన్న కొడుక్కి ఫీజు కడితే బాధ్యత, పెంచుకున్న కూతురికి కడితే త్యాగం. ఒకే స్కూలు, ఒకే రసీదు పుస్తకం. అబ్బాయి తల్లి చెడ్డ మనిషేం కాదు, మెచ్చుకోలుగానే అంది. ఆ మెచ్చుకోలులోనే ‘ఈ పిల్ల మీ పిల్ల కాదు’ అన్న మాట ఉందని ఆవిడకి తట్టలేదు. పుణ్యాత్ములు అన్న బిరుదు తీసుకున్న రోజున ఆ తల్లిదండ్రులు కూడా దాన్ని ఒప్పుకున్నట్టే. అందుకే ఎవరైనా ఆ మాట అంటే మర్యాదగానైనా ఆపమంటాను.

వైద్యపరమైన కారణాలు ఉండచ్చు కదా, వంశంలో జబ్బులేమైనా ఉన్నాయేమో తెలుసుకోవాలనుకోవడం తప్పా అని ఇంకొకరు నాతో అన్నారు. తప్పేం కాదు. అయితే అది ఇద్దరు పిల్లల సంగతీ కావాలి. అబ్బాయి తాతగారికి షుగర్ ఉందా, మేనత్తకి మూర్ఛలున్నాయా అని మన సంబంధాల్లో ఎవరు అడుగుతున్నారు? డాక్టరు రిపోర్టు కోసం ఎవరూ గోత్రం దగ్గర ఆగరు. ఆగేది వేరే అనుమానంతో, ఆ అనుమానం పేరు మనందరికీ తెలుసు. నవజీవన్ కాలనీలో కౌసల్యను అడిగిన ప్రశ్నే అది, కాస్త మర్యాదగా.

విచిత్రం ఏమిటంటే ఆ పెళ్లిలోనే, కుదిరితే, పంతులుగారు జనకుడి మాట చదివేవారు. ‘ఇయం సీతా మమ సుతా’. పొలంలో దొరికిన పిల్ల చేయి రాముడి చేతిలో పెడుతూ జనకుడు ‘ఈ సీత నా కూతురు’ అన్నాడు. కూతురు లాంటిది అనలేదు, దొరికితే పెంచాను అని ఆ క్షణంలో గుర్తుచేయలేదు. దశరథుడు కూడా అసలు తల్లిదండ్రుల సంగతి ఎత్తలేదు. కన్యాదానం అంటే మనం తల్చుకునేది ఒక పెంపుడు తండ్రి మాటని, అది వింటూ అక్షింతలు వేసే చేతులే పెంపుడు పిల్ల జాతకం తిరగేస్తాయి.

లాంటిది అన్న మాట ఎందుకు ఎత్తానంటే, 1959లో బిమల్ రాయ్ హిందీలో తీసిన ‘సుజాత’ గుర్తొచ్చి. కథ బెంగాలీ రచయిత సుబోధ్ ఘోష్‌ది. బ్రాహ్మణ దంపతుల ఇంట్లో పెరిగిన దళిత పిల్ల సుజాత. పెంచిన తల్లి ఆమెను నలుగురికీ పరిచయం చేసేటప్పుడు కూతురు అనదు, కూతురు లాంటిది అంటుంది. సుజాతగా వేసిన నూతన్ ఆ మాట విన్న ప్రతిసారీ ముఖంలో చూపించే చిన్న కదలిక చాలు, ఆ సినిమా ఎందుకు నిలిచిందో చెప్పడానికి. కానీ చివరికి ఆ తల్లి మారేది ఎలా? ప్రమాదంలో పడ్డ ఆమెకి సుజాత రక్తం సరిపోతుంది, ఎక్కిస్తారు, కళ్లు తెరుచుకుంటాయి. మంచి మనసుతో తీసిన ముగింపే. నాకు మాత్రం అక్కడ మండుతుంది. పుట్టిన కూతురు ఆ ఇంట్లో ఉండడానికి ఏమీ ఇవ్వక్కర్లేదు, పెరిగిన కూతురు సీసాడు రక్తం ఇవ్వాలి! ఆ గ్రూపు కలవకపోయి ఉంటే? తల్లి కోలుకుని ఇంటికొచ్చాక మళ్లీ కూతురు లాంటిదే అయ్యేదా?

ఘటక్ ఈ తేలిక దారి తొక్కలేదు. అభిరామ్ చేత ఈశ్వర్ ప్రాణం కాపాడించి కౌగిలింతతో శుభం కార్డు వేయచ్చు. వేయలేదు. సీత పెళ్లిపీటల దగ్గర్నుంచే వెళ్లిపోతుంది. కలకత్తాలో కాపురం, ఒక కొడుకు, అభిరామ్‌కి బస్సు డ్రైవరు ఉద్యోగం, ఒకరోజు బస్సు కింద ఒక పాప పడి చనిపోవడం, జనం అతన్ని కొట్టి చంపడం. ఆ తర్వాత సీతకి మిగిలింది పాట. ఆ పాట అమ్ముకోవాల్సి వచ్చిన మొదటి రాత్రి గదిలోకి తూలుతూ వచ్చిన మనిషి ఈశ్వర్. సీత గొంతు కోసుకుంటుంది. ఈ ముగింపు మరీ దారుణం అనేవాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను, అంత చీకటి పోయాలా అని నాకూ అనిపిస్తుంది. కానీ పెంపుడు బిడ్డను వెనక్కి పంపితే పోయేది ఆ బిడ్డ ఒక్కడే అనుకునేవాళ్లకి ఆ చీకటి చూపించాల్సిందే.

ఇంటివాళ్లే మారాలన్న మాట బెంగాలీలకి కొత్త కూడా కాదు. అంతకు యాభై ఏళ్ల ముందే, 1910లో పుస్తకంగా వచ్చిన టాగూర్ ‘గోరా’లో అది ఉంది. 1857 తిరుగుబాటు నాటి ఐరిష్ అనాథను ఒడిలోకి తీసుకున్న రోజునే ఆనందమయి మడీ ఆచారం పక్కన పెట్టేసింది. పిల్లాడు తన కులంలోకి రావాలని ఎదురుచూడలేదు, తనే బయటికి వచ్చేసింది. భర్త కృష్ణదయాళ్ అదే పిల్లాణ్ణి అదే ఇంట్లో పెంచుతూ, తన శ్రాద్ధం వాడి చేతుల మీద జరుగుతుందేమోనని చివరిదాకా బెంగపెట్టుకున్నాడు. ఒకే ఇల్లు, ఒకే పిల్లాడు, ఇద్దరు మనుషులు. ఈశ్వర్ మొదటి రోజున ఆనందమయి, స్టేషన్ నుంచి తిరిగొచ్చేసరికి కృష్ణదయాళ్.

బిను సంగతి

సీత, అభిరామ్‌ల కొడుకు బిను. అంతా అయిపోయాక ఈశ్వర్ వాణ్ణి వెంటబెట్టుకుని సువర్ణరేఖ ఒడ్డుకి తిరిగొస్తాడు. ఉద్యోగం పోయింది, ఇల్లు లేదు, చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదు. పిల్లాడు మాత్రం కొత్త ఇల్లు ఏదీ అంటూ ముందుకి లాగుతుంటాడు. వాడి నోట ఒకప్పుడు సీత పాడిన టాగూర్ పాట, వరిచేలో ఎండా నీడా దాగుడుమూతలు ఆడుకుంటున్నాయన్న పాట. ఆ పాట వాడికి రక్తంలో రాలేదు. తల్లి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే వచ్చింది.

ఈ రెండో పెంపకం పుణ్యకార్యం కాదు, అందుకే ఇది నిలుస్తుంది అని మొదట రాసుకున్నాను. ఇక్కడ ఈశ్వర్ దాత కాడు, పిల్లాడే అతన్ని పెంచుకుంటున్నట్టుంది. తర్వాత నాకే తృప్తి కలగలేదు. బిను ఎవరు? సొంత మేనల్లుడు. సగం చక్రవర్తుల రక్తం. మేనమామ మేనల్లుణ్ణి తీసుకురావడంలో ఏ సమాజమైనా అడ్డుపడుతుందా? అభిరామ్ అనే పిల్లాణ్ణి నిలుపుకోలేని మనిషికి ఘటక్ రెండో అవకాశం ఇస్తూ, రక్తసంబంధం ఉన్నవాణ్ణే ఎందుకు ఇచ్చారు? పరాయి పిల్లాడైతే ఈశ్వర్ ఆ చేయి పట్టుకునేవాడా?

నా మిత్రుడు దీనికి ఒకే మాట అన్నాడు. ‘అభిరామ్ పరాయివాడేగా, వాణ్ణి పట్టుకున్నాడుగా మొదట్లో.’ అదీ నిజమే. పట్టుకోవడం ఈశ్వర్‌కి ఎప్పుడూ చేతనయింది. బినుకి ఇప్పుడు ఐదారేళ్లు. ఇంకో పాతికేళ్లకి వాడికి ఒక సంబంధం వస్తుంది, తండ్రి వైపు వాళ్లెవరని అవతలివాళ్లు అడుగుతారు. ఆ రోజున ఈశ్వర్ ఏం చెబుతాడన్నది సినిమాలో లేదు.